జలగల అడవికి నల్ల సాక్సులా?

నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, ఈ జలగ సాక్సులను, అంటే అడవిలో జలగలు కాళ్లు పట్టకుండా వేసుకునే సాక్సులను, కంపెనీవాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు. కంపెనీ పేరు చెప్పను, ఎందుకో కాసేపట్లో మీకే అర్థమవుతుంది. సైజులు, ధర, గుడ్డ రకం జోలికి నేను వెళ్లను.

వీటిని పరీక్షించడానికి ఆగుంబె వెళ్లాను. కర్ణాటకలో, శివమొగ్గ జిల్లా. మన హైదరాబాద్‌లో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడితే, అక్కడ 7,000 దాటుతుంది. రాచనాగులకు పేరుపడ్డ అడవి అది. మొన్న ఆగస్టులో నేను భయపడింది మాత్రం రాచనాగుకు కాదు. పొద్దున తీర్థహళ్లిలో బస్సెక్కి, జోగి గుండి జలపాతం చూసి, సాయంత్రానికి వెనక్కి వచ్చాను.

నాలుగేళ్ల కిందట ఇదే దారిలో ఫుట్‌బాల్ సాక్సులు వేసుకుని నడిచాను. ఆ అల్లిక జలగకు ఒక లెక్కా? ఆకలి మీదున్న జలగ దారంలా సన్నబడి సందులోంచి దూరిపోతుంది. కరిచినట్టు కూడా తెలియదు. రక్తం గడ్డకట్టనివ్వని పదార్థమేదో వదులుతుంది కాబట్టి, అది తాగి రాలిపోయాక కూడా కారుతూనే ఉంటుంది. గదికొచ్చి బూటు విప్పితే సాక్సు ఎర్రగా తడిసి ఉంది. ఉప్పు రాసుకోమన్నారు, అదీ చేశాను. ఆగుంబె వానలో ఉప్పు పది నిమిషాలు నిలవలేదు!

ఈ జలగ సాక్సులు అల్లినవి కావు. దగ్గరగా నేసిన గుడ్డను సంచీలా కుట్టారు. ప్యాంటు అంచులు లోపలికి దోపి, మోకాలి కింద తాడు బిగించాలి. నాలుగు గంటలు తిరిగాను, ఒక్క జలగ కూడా లోపలికి రాలేదు. ఇంతవరకు నూటికి నూరు.

కానీ ఆ నలుపేమిటండీ? జలగ కూడా ఇంచుమించు అదే రంగు కదా! గుడ్డను కొరకలేనంత మాత్రాన అది వెనక్కి తిరిగి వెళ్లిపోదు, పైకి పాకుతుంది. తెల్ల సాక్సయితే మడమ దగ్గరే కనబడుతుంది, వేలితో చిమ్మేయవచ్చు. నేనేమో పదడుగులకోసారి వంగి కాళ్లు తడుముకుంటూ నడిచాను. వెనక వస్తున్న ఒక పెద్దాయన, ఏమైనా పోగొట్టుకున్నారా అని కన్నడంలో అడిగారు.

జలపాతం సంగతి. చిన్నదే. ఎత్తు కావాలంటే బర్కణ జలపాతం చూడాలి. ఇక్కడ నీళ్లు రాళ్ల మధ్య నుంచి దూకి మడుగులో పడతాయి. లోతు ఎక్కువ, దిగకండి. నేను జలపాతాన్ని చూసింది ఐదు నిమిషాలు, నా కాళ్లను చూసుకున్నది మిగతా రోజంతా.

తిరుగు బస్సులో బెల్టు దగ్గర చల్లగా తగిలింది. చొక్కా ఎత్తితే, చిటికెనవేలంత లావెక్కి తాపీగా కూర్చుని ఉంది. లాగకూడదు. గోరు కిందికి పోనిచ్చి పక్కకు జరిపితే పట్టు వదులుతుంది. పక్క సీటాయన లేచి వెనక్కి వెళ్లిపోయారు.

కొనాలా అంటే, ఈ రకం కొనండి, ఈ రంగు వద్దు. తెల్లవి దొరికితే రెండు జతలు తీసుకోండి. కంపెనీవారూ, తెల్లవి తయారు చేస్తే చెప్పండి, డబ్బులిచ్చే కొంటాను. ఈ జత మా తమ్ముడికి ఇచ్చేశాను. వాడు ఉండేది అనంతపురంలో.