ముక్కు కొనకు నిట్రాడు

సభకు నమస్కారం.

ముక్కు గురించి మాట్లాడేవాడికి విశాఖపట్నంలో ఒక సౌకర్యం ఉంది. ఈ ఊరికే ఒక ముక్కు ఉంది. సముద్రంలోకి చొచ్చుకువచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ కట్టినా అది చలించలేదు. రాయి కదా! మన ముక్కు కొనలో రాయి మాట అటుంచి, ఎముక కూడా లేదు.

ఇప్పుడు అందరూ ఒకసారి ముక్కున వేలు వేసుకోండి. ఆశ్చర్యపడమని కాదు, కొనను మెల్లగా లోపలికి నొక్కి వదలమని. కొందరికి వెంటనే వేలిని వెనక్కి తోస్తుంది. కొందరికి నానిన అటుకుల్లా దిగిపోయి, తీరిగ్గా లేస్తుంది. నా దగ్గరికి వచ్చినవారికి నేను చేసే మొదటి పరీక్ష ఇదే. వారు ఫోనులో తెచ్చిన సినిమా తారల ఫొటోలు ఆ తరువాత చూస్తాను.

ముక్కు శస్త్రచికిత్స మీద ప్రసంగమంటే సుశ్రుతుడితో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆయన చెప్పింది తెగిన ముక్కుకు మారుగా కొత్త ముక్కు చేసే విద్య. నేటి నా చిక్కు అంతకన్నా చిన్నది, కానీ మొండిది. ఉన్న ముక్కు కొనను మనం పెట్టిన చోటే ఏడాది తరువాత కూడా నిలబెట్టడం ఎలా?

కొనలో వంచిన వెదురు బద్దల్లాంటి రెండు మృదులాస్థులు ఉంటాయి. వాటి బయటి కొసలు చెరొక పక్కకు పోతాయి. లోపలి కొసలు రెండూ బులాకీ వేలాడే చోట ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి. 1969లో జాక్ ఆండర్సన్ అనే అమెరికా సర్జన్ దీన్ని ముక్కాలిపీటతో పోల్చాడు. మధ్య కాలు పొట్టిదైతే కొన వాలుతుంది, పొడుగైతే లేస్తుంది. ఆ మధ్య కాలును వెనకనున్న అడ్డుగోడకు, అంటే సెప్టమ్‌కు, పట్టి ఉంచే అతుకులు ఉన్నాయి. కొనను తెరిచి చూడాలంటే వాటిలో కొన్నింటిని మేమే విడదీస్తాం. విప్పినవాడే మళ్లీ కట్టాలి. కట్టకపోతే మచ్చ గట్టిపడుతున్న కొద్దీ కొన మెల్లగా కిందికి జారుతుంది.

కట్టడానికి పాత పద్ధతి నిట్రాడు. సెప్టమ్ నుంచి సన్నని మృదులాస్థి పుల్ల తీసి, రెండు లోపలి కొసల మధ్య నిలబెట్టి కుట్టేస్తాం. దాని అడుగును కింది ఎముకకు తగలనివ్వం. తగిలితే పెదవి కదిలినప్పుడల్లా టక్కుమంటుంది. అందుకే అది మెత్తని కండ మీద తేలుతూ ఉంటుంది. ఆర్.కె. బీచ్‌లో మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి పక్కన ఇసుకలో గుచ్చిన గొడుగును తలచుకోండి. సాయంత్రం దాకా నిలబడుతుంది. గాలి మళ్లితే ఒరుగుతుంది. మన ప్రాంతంలో చాలామందికి కొన మీది చర్మం మందంగా, లోపలి మృదులాస్థి మెత్తగా ఉంటుంది. బరువైన గుడ్డ, బలహీనమైన కర్ర. వృత్తిలో మొదటి రోజుల్లో నేను నిలబెట్టిన నిట్రాళ్లలో కొన్ని అలాగే ఒరిగాయి. ఆపరేషన్ బల్ల మీద తీసిన ఫొటోలో కోటేరు ముక్కు, ఏడాది తిరిగి వాపు దిగాక మళ్లీ పాత ముక్కే. ఆ ఇంటివారు నన్ను ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

రెండో పద్ధతిలో గొడుగు కర్రను ఇసుకలో గుచ్చకుండా బండికే కట్టేస్తాం. 1997లో బర్డ్, ఆయన సహచరులు దీన్ని వివరంగా రాశారు. సెప్టమ్ ముందు అంచుకు మరో మృదులాస్థి పలకను చేర్చి, దాన్ని ముందుకు పొడిగించి, కొనను ఆ పలకకే కుట్టడం. కొన ఎత్తును, వంపును కాపాడటంలో నిట్రాడు కన్నా ఇదే గట్టిది. అయితే బండి గట్టిగా ఉండాలి. సెప్టమ్ నుంచి ఎంత కోసినా పైన, ముందు కనీసం పది మిల్లీమీటర్ల పట్టీ వదలాలి. పలకను ఒక పక్కనే అతికిస్తే కొన ఆ పక్కకు ఒరగవచ్చు. సెప్టమ్ చాలకపోతే పక్కటెముక చివరి మృదులాస్థి వాడతాం. దానికి పచ్చి చెక్కలా వంకరపోయే గుణం ఉంది. 1958లోనే గిబ్సన్, డేవిస్ దాని మధ్యభాగాన్ని సమంగా చెక్కి వాడమని చెప్పారు.

మూడోది వడ్రంగి పని. సెప్టమ్ అంచును రెండు లోపలి కొసల మధ్య గాడిలోకి దూర్చి కుట్టేయడమే. కొత్త పలక అక్కరలేదు. సెప్టమ్ అంచు పొడుగ్గా, తిన్నగా ఉన్నవారికే కుదురుతుంది.

ఇంత చెప్పాక రెండో పద్ధతే మేలని తీర్పు ఇస్తానని మీరు అనుకుంటారు. చాలా ముక్కులకు నేను ఎంచుకునేదీ అదే. కానీ సెప్టమ్‌కు కట్టిన కొన నొక్కితే దిగదు. నవ్వినప్పుడు పై పెదవి బిగదీసినట్లు ఉండవచ్చు. ఈ సంగతి ముందే చెప్పని సర్జన్ తప్పు చేసినట్లే.

కొన్నేళ్ల క్రితం ఒక కూచిపూడి నర్తకి వచ్చింది. నవ్వితే కొన కిందికి వాలుతోందని ఆమె ఫిర్యాదు. పలకతో గట్టిగా కట్టేద్దామన్నాను. ఆమె నా ఎదుటే ముక్కుపుటాలు ఉబ్బించి, మరుక్షణం ముడిచి చూపించింది. ‘‘నాట్యశాస్త్రం ముక్కుకు ఆరు కదలికలు చెప్పింది డాక్టర్‌గారూ. మీరు కట్టాక వీటిలో ఎన్ని మిగులుతాయి?’’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. చివరికి నిట్రాడే పెట్టాను. నవ్వినప్పుడు కొనను కిందికి లాగే చిన్న కండరాన్ని కూడా వదులు చేశాను. కాలక్రమంలో కొన కాస్త దిగవచ్చని కాగితం మీద రాసి ఇచ్చాను.

ఏడాది తరువాత వచ్చింది. కొన కాస్త దిగింది. నేను కొలతలు చూస్తుంటే ఆమె అద్దం కూడా అడగలేదు. ముక్కు చిట్లించి, అసహ్యం అభినయించి, ‘‘ఇది వచ్చింది’’ అంది.