ముందు కారు, తర్వాత డబ్బు: రెండు యుద్ధాల నడుమ అమెరికా

అధ్యక్షులకు, సభలోని పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

1923 ఏప్రిల్‌లో హెన్రీ ఫోర్డ్ ఒక పథకం పెట్టాడు. కారు కావలసినవారు వారానికి 5 డాలర్ల చొప్పున కడుతూ పోవాలి. ఆ సొమ్ము బ్యాంకులో వాళ్ల పేరు మీద జమ అవుతుంది, వడ్డీ చేరుతుంది. ధర మొత్తం పూర్తయిన రోజున బండి చేతికి ఇస్తారు. మన ఊళ్లలో బంగారం దుకాణాలవాళ్లు నెలనెలా డబ్బు కట్టించుకుని ఏడాది చివర నగ ఇచ్చే స్కీము ఉంది చూడండి, ఇంచుమించు అదే. ఫోర్డ్‌కు అప్పంటే ఒళ్లుమంట. అప్పు లేనివాడే అధిక సంపన్నుడు అన్న మన పాతమాట ఆయన చెవిన పడి ఉంటే ఫ్యాక్టరీ గుమ్మం మీద రాయించి ఉండేవాడు.

పథకం నడవలేదు. నడిచే వీలూ లేదు. ఎదుటి వీధిలో జనరల్ మోటార్స్ డీలరు వేరే బేరం పెట్టాడు మరి: ధరలో మూడోవంతు ఇప్పుడు కట్టండి, కారు ఇవాళే తోలుకుపోండి, మిగిలింది ఏడాదిలో వాయిదాల మీద తీర్చండి. ఈ పని కోసమే ఆ కంపెనీ 1919లో ఒక ప్రత్యేక రుణసంస్థను పెట్టింది. ఇవాళే కారెక్కే దారి ఉండగా ఏడాదిపాటు పాసుపుస్తకం చూసుకుంటూ నడిచేవాడు ఎవడుంటాడు?

1920ల అమెరికా గురించి చెప్పమంటే చాలామంది జాజ్ సంగీతం, దొంగసారా, షేర్ మార్కెట్ అంటూ మొదలుపెడతారు. తాగి తందనాలాడారు, 1929లో షేర్ మార్కెట్ కూలి శిక్ష పడింది అని దాన్నొక నీతికథ చేసేస్తారు. నాకు ఆ కథ నచ్చదు. ఆ దశాబ్దపు సంపద గాలిమేడ కాదు. సరుకు నిజంగా తయారైంది, కరెంటు నిజంగా ఇళ్లకు వచ్చింది. అప్పటిదాకా సిగ్గుపడుతూ చేసిన అప్పును గౌరవంగా చేయడం ఒక దేశం నేర్చుకుంది. ఆ కాలంలో వచ్చిన సామాజిక మార్పుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదేనని నా అభిప్రాయం. ఆడవాళ్లకు ఓటుహక్కు వచ్చింది, మద్యనిషేధం వచ్చి పోయింది, గౌన్ల పొడవు తగ్గింది. అవన్నీ కళ్లకు కనిపించేవి. వాయిదా మాత్రం కళ్లకు కనిపించకుండా ప్రతి ఇంట్లోనూ ఒక కుర్చీ వేసుకుని కూర్చుంది.

సరుకు సంగతి ముందు చూద్దాం. 1908లో ఫోర్డ్ మోడల్ టి కారు వచ్చినప్పుడు దాని ధర 850 డాలర్లు. 1913లో డెట్రాయిట్ పక్కనున్న హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో పనివాళ్లు కారు దగ్గరకు వెళ్లే పద్ధతి పోయి, కారే పనివాళ్ల ముందుకు కదిలివచ్చే పద్ధతి మొదలైంది. ఒక చాసిస్, అంటే బండి అడుగు చట్రం, బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది కాస్తా కొద్ది నెలల్లోనే గంటన్నరకు దిగింది. 1925 నాటికి అన్నిటికంటే చౌక రకం 260 డాలర్లకు దొరికేది. అయితే రోజంతా ఒకే బోల్టు బిగిస్తూ నిలబడే పని ఎవరికి రుచిస్తుంది? 1913లో ఆ ఫ్యాక్టరీలో సుమారు 14,000 మందిని నిలుపుకోవడానికి ఏడాదిలో 50,000 మందికి పైగా చేర్చుకోవలసి వచ్చింది. చేరినవాళ్లు చేరినట్టే వెళ్లిపోయారు. 1914 జనవరిలో ఫోర్డ్ ప్రకటించిన రోజుకు 5 డాలర్ల కూలి వెనక ఉన్న అవసరం అది. ధర్మబుద్ధితో ఇచ్చాడని ఇప్పటికీ రాసేవారున్నారు, రాయనివ్వండి.

ఆ 5 డాలర్లూ ఊరికే రాలేదు. కంపెనీలో సోషియలాజికల్ డిపార్ట్‌మెంట్ అని ఒక విభాగం ఉండేది. దాని ఉద్యోగులు కార్మికుల ఇళ్లకు వెళ్లి, తాగుతున్నాడా, బ్యాంకులో ఎంత దాచాడు, ఇంట్లో పరాయివాళ్లను అద్దెకు పెట్టుకున్నాడా అని ఆరా తీసేవారు. పాసయితేనే పూర్తి కూలి. అంటే ఫోర్డ్‌కు తన కార్మికుడు పొదుపరిగా ఉండాలి. కానీ రోజుకు వేలకొద్దీ కార్లు బయటికి పంపుతున్న ఆయన ఫ్యాక్టరీకి మాత్రం ఖర్చు చేసే మనిషి కావాలి. ఈ రెంటికీ పొత్తు కుదరదు.

జనరల్ మోటార్స్ అధిపతి ఆల్ఫ్రెడ్ స్లోన్‌కు ఆ సంగతి బాగా తెలుసు. కారు కొననివాడు తగ్గిపోతున్నాడు, ఇక ఉన్నవాడి చేతే మళ్లీ కొనిపించాలి. అందుకు ఏటేటా కొత్త రూపం, రంగులు, పాత బండి ఇచ్చి కొత్తది తీసుకునే సౌకర్యం. చౌకైన షెవ్రొలే కారు నుంచి ఖరీదైన కాడిలాక్ దాకా జీతం పెరిగే కొద్దీ ఎక్కడానికి మెట్లు. 1927 మేలో కోటీ యాభై లక్షలవ మోడల్ టి కారు బయటికి వచ్చింది, ఆ వెంటనే ఫోర్డ్ దాని తయారీ ఆపేశాడు. మరుసటి ఏడాదే ఆయనా ఒక రుణసంస్థ పెట్టాడు. అప్పటికి అమెరికాలో కొత్త కార్లలో మూడింట రెండు వంతుల దాకా వాయిదాల మీదే అమ్ముడవుతున్నాయి.

దీని ఫలితం ఇళ్లలో ఎలా ఉండేదో ఒక చిన్న పట్టణంలో చూద్దాం. ఇండియానా రాష్ట్రంలో మన్సీ అనే ఊరు, గాజు సీసాల ఫ్యాక్టరీల ఊరు. 1924లో ఇద్దరు సామాజిక పరిశోధకులు, భార్యాభర్తలు, అక్కడ మకాం పెట్టి జనం ఎలా బతుకుతున్నారో ఇంటింటా అడిగి రాసుకున్నారు. ఊళ్లో అప్పటికే మూడు కుటుంబాలకు రెండు కార్ల చొప్పున ఉన్నాయి. శిథిలావస్థలో ఉన్న ఇళ్లలో కాపురముంటూ కారు ఉన్న 26 కుటుంబాలను వాళ్లు స్నానాల తొట్టి ఉందా అని అడిగితే, 21 ఇళ్లలో లేదని తేలింది. తిండి మానుకుంటాను గానీ కారు వదులుకోనని ఒకావిడ చెప్పింది. చదువుకున్నవాళ్లు దీన్ని చూసి నవ్వుకున్నారు. నవ్వవలసిన పని లేదనుకుంటాను. ఫ్యాక్టరీలో రోజంతా ఇంకొకరి వేగానికి చేయి ఆడించే మనిషికి, ఆదివారం తన ఇష్టమొచ్చిన వేగంతో, ఇష్టమొచ్చిన దిక్కుకు పోవడం స్నానాల తొట్టికన్నా ఎక్కువ కావచ్చు.

ఆ ఆదివారం పాస్టర్లకు తలనొప్పి అయింది, చర్చికి రావలసినవాళ్లు షికారుకు పోతున్నారు. తల్లిదండ్రులకు ఇంకో దిగులు. అప్పటిదాకా అబ్బాయి అమ్మాయి ఇంటికి వచ్చి, పెద్దలు పక్క గదిలో ఉండగా ముందు గదిలో కూర్చుని మాట్లాడేవాడు. ఇప్పుడు ఆ ముందు గదికి చక్రాలు వచ్చాయి.

ఆడవాళ్ల సంగతికి వస్తాను. ఓటుహక్కు రాజ్యాంగ సవరణకు ఇంకొక్క రాష్ట్రం ఆమోదం కావాలి, అది 1920 ఆగస్టులో టెనెసీ రాష్ట్ర శాసనసభ చేతిలో తేలవలసి వచ్చింది. సభలో అందరికన్నా చిన్నవాడు, 24 ఏళ్ల హ్యారీ బర్న్, వ్యతిరేకుల గుర్తయిన ఎర్రగులాబీ కోటుకు పెట్టుకుని వచ్చాడు. జేబులో తల్లి రాసిన ఉత్తరం ఉంది: ఆడవాళ్లకు ఓటు ఇవ్వమని, మంచి అబ్బాయిలా నడుచుకోమని. సవరణకు అనుకూలంగా ఓటేశాడు, అది గెలిచింది. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు. దీని వెనక డెబ్బై ఏళ్ల ఉద్యమం ఉందని మరిచిపోకపోతే చాలు. దక్షిణాదిలో నల్లజాతి స్త్రీలకు ఆ ఓటు చాలా వరకు కాగితం మీదే ఉండిపోయిందని కూడా మరిచిపోకూడదు.

వ్యాపారానికి ఈ స్వేచ్ఛ భలేగా పనికివచ్చింది. 1929 ఈస్టర్ పండుగనాడు న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో కొందరు యువతులు బహిరంగంగా సిగరెట్లు వెలిగించారు. స్వేచ్ఛా జ్యోతులు అని పత్రికల్లో ప్రచారమైంది. ఏర్పాటు చేసింది ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ప్రచార నిపుణుడు, డబ్బు పొగాకు కంపెనీది. ఇంట్లో పరిస్థితి కూడా తమాషాయే. 1920లో మూడిళ్లలో సుమారు ఒకదానికి కరెంటు ఉంటే 1930 నాటికి మూడింట రెండిళ్లకు వచ్చింది. వాషింగ్ మెషిన్, వాక్యూమ్ క్లీనర్, రేడియో అన్నీ వాయిదాల మీదే వచ్చాయి. ఇల్లాలి చాకిరీ తగ్గిందా అంటే పెద్దగా తగ్గలేదు. పనిమనిషి వెళ్లిపోయింది, వారానికి ఒకసారి మార్చే చొక్కా రోజూ మార్చడం మొదలైంది, ఆ చొక్కా ఉతకవలసింది ఇల్లాలే.

ఈ విందులో విస్తరి పడని వాళ్లు ఎవరంటే, ముందు చెప్పవలసింది రైతులు. యుద్ధకాలంలో గోధుమలు బుషెల్ అనే కొలతకు 2 డాలర్లు దాటి పలికితే, అప్పు చేసి పొలాలు కొన్నారు, ట్రాక్టర్లు కొన్నారు. 1921 నాటికి ధర సగానికి పడిపోయింది, అప్పు పడిపోలేదు. రైతులను ఆదుకునే బిల్లును అధ్యక్షుడు కూలిడ్జ్ 1927లో ఒకసారి, 1928లో మరోసారి తిప్పికొట్టాడు. నగరాల్లో రేడియోలు మోగుతుంటే పొలాల మీది ఇళ్లలో పదింట ఒకదానికి మాత్రమే 1930లో కరెంటు ఉంది. పల్లెటూళ్ల చిన్న బ్యాంకులు వేలసంఖ్యలో 1929కి ముందే మూతపడ్డాయి. కనుక మాంద్యం 1929లో వచ్చిందన్నది నగరవాసుల లెక్క.

దక్షిణాది పత్తిచేలను వదిలి షికాగో, డెట్రాయిట్, న్యూయార్క్‌లోని హార్లెమ్‌లకు వెళ్లిన నల్లజాతివారికి కూలి పెరిగింది, గొంతు వచ్చింది. కానీ సొంతంగా సంపాదించుకున్న చోట ఏమైందో తల్సా నగరం చెబుతుంది. 1921 మే 31, జూన్ 1 తేదీల్లో ఆ నగరంలోని గ్రీన్‌వుడ్ అనే నల్లజాతి వ్యాపారపేటను తెల్లవారి మూకలు తగలబెట్టాయి.

విదేశీయులకు తలుపులు మూసుకున్నది కూడా ఈ దశాబ్దంలోనే. మన దేశస్థుడు భగత్‌సింగ్ థిండ్, అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వానికి అర్హుడు కాడని 1923లో సుప్రీంకోర్టు తేల్చింది. 1924 చట్టం ఆసియావారి వలసను దాదాపు పూర్తిగా ఆపేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు తన మామగారూ కాకినాడలోని ఒక ధర్మసంస్థా చేసిన సాయంతో బోస్టన్ చేరారు. పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పళ్లేలు శుభ్రం చేసే ఉద్యోగం. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని, 1927లో కండరాల్లో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని ప్రకటించారు. కండరం పనిచేయడానికి శక్తి ఎక్కడిదో చెప్పిన ఆయనకు హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. భారతీయులు పౌరులు కావచ్చునని చట్టం మారింది 1946లో. ఆయన 1948లో చనిపోయారు, పౌరసత్వం తీసుకోకుండానే.

ఇక పతనం. 1929 సెప్టెంబరు 3న 381 దగ్గరున్న డౌ జోన్స్ షేర్ల ధరల సూచీ 1932 జూలైలో 41కి దిగింది. ఈ అంకెలు అందరూ చెబుతారు. కానీ షేర్లున్న కుటుంబాలు తక్కువ. షేర్ లేనివాడు బజారుకు వెళ్లడం ఎందుకు మానేశాడు? కొందరు ఆర్థిక చరిత్రకారులు ఇచ్చిన జవాబు నాకు సబబుగా తోస్తుంది. ఆనాటి వాయిదా ఒప్పందం కఠినమైనది. ఒక్క వాయిదా తప్పితే కంపెనీవాళ్లు కారు పట్టుకుపోతారు, అప్పటిదాకా కట్టిన డబ్బు కూడా పోయినట్టే. పది వాయిదాలు కట్టి పదకొండోది తప్పినవాడికి మిగిలేది శూన్యం. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని 1930లో అలాంటి మనిషి ఏం చేస్తాడు? చొక్కా మానుకుంటాడు, బూట్లు మానుకుంటాడు, మాంసం మానుకుంటాడు, వాయిదా మాత్రం కడతాడు. బూట్లు అమ్ముడుపోని చోట బూట్ల ఫ్యాక్టరీ మూతపడుతుంది. దివాలా తీసినవాళ్లకన్నా నిజాయితీగా అప్పు తీర్చినవాళ్ల వల్లే బజారు ఎక్కువ ఎండిపోయిందంటే వింతగా ఉంటుంది, కానీ లెక్క అలాగే వస్తుంది. పైగా 1929లో కూడా సుమారు 60 శాతం కుటుంబాల ఏడాది ఆదాయం 2,000 డాలర్ల లోపే. ఉత్పత్తి పెరిగినంత జోరుగా కూలి పెరిగి ఉంటే ఇంత వాయిదాల మీద ఆధారపడవలసి వచ్చేది కాదు.

1933 నాటికి నలుగురిలో ఒకరికి పని లేదు. అంతకు ముందే, 1932 మార్చిలో, పని అడుగుతూ డియర్‌బార్న్‌లోని ఫోర్డ్ ఫ్యాక్టరీ వైపు నడిచిన నిరుద్యోగుల మీద పోలీసులు, కంపెనీ కాపలాదారులు కాల్పులు జరిపారు. నలుగురు అక్కడే చనిపోయారు, మరొకరు గాయాలతో తర్వాత పోయారు. 1936 చివర ఫ్లింట్‌లో జనరల్ మోటార్స్ కార్మికులు ఫ్యాక్టరీ లోపలే కూర్చుని 44 రోజులు సమ్మె చేసి యూనియన్‌కు గుర్తింపు సాధించారు. ఇరవై ఏళ్ల కిందట కూలి ఎంతో యజమాని ప్రకటించాడు; ఇప్పుడు బేరమాడి తేల్చుకునే రోజు వచ్చింది.

మరి అంత దెబ్బ తిన్నాక అమెరికా మళ్లీ ఫోర్డ్ పాసుపుస్తకం దగ్గరకు వెళ్లిందా? లేదు. ప్రభుత్వమే వాయిదాను పొడిగించింది. 1920లలో ఇంటి అప్పు సాధారణంగా మూడు నుంచి అయిదేళ్లు. వడ్డీ కడుతూ పోయి గడువు రాగానే అసలంతా ఒకేసారి తీర్చాలి, లేదా కొత్త అప్పు చేయాలి. బ్యాంకులు మూతపడ్డాక ఆ కొత్త అప్పు ఇచ్చేవాడు లేక లక్షల ఇళ్లు వేలానికి వచ్చాయి. 1933లో పెట్టిన గృహరుణ సంస్థ మూడేళ్లలో దాదాపు పది లక్షల ఇళ్ల అప్పులను తన మీద వేసుకుని, నెలనెలా అసలు, వడ్డీ కలిపి తీరే దీర్ఘకాలిక అప్పులుగా మార్చింది. 1934లో వచ్చిన గృహ పరిపాలన సంస్థ ఇరవై ఏళ్ల అప్పులకు హామీ నిలబడింది. ఇవాళ హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నవారు నెలనెలా కట్టే సొమ్ము కూడా అదే పోలికలో ఉంటుంది.

అయితే ఆ గృహరుణ సంస్థ నగరాలకు పటాలు గీసింది. అప్పుకు యోగ్యమైన పేటలకు ఆకుపచ్చ, ప్రమాదకరమైనవాటికి ఎరుపు. నల్లజాతివారు ఉండే పేట దాదాపు ప్రతి నగరంలోనూ ఎరుపే. హామీ ఇచ్చే సంస్థ కూడా తెల్లవారి పేటల్లో ఇతరులకు ఇళ్లు అమ్మరాదన్న ఒప్పందాలను తన నియమావళిలోనే ప్రోత్సహించింది. తర్వాతి ముప్పై ఏళ్లలో ఎవరికి ఇల్లు ఆస్తి అయింది, ఎవరికి అద్దెగానే మిగిలింది అన్నది చాలావరకు అక్కడే తేలిపోయింది. ఆ పటాల గురించి విడిగా ఒక సాయంత్రం మాట్లాడుకోవాలి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.