పచ్చికలో కన్నం ఎవరిది?

అందరికీ నమస్కారం. సెలవు రోజు ఉదయం ఇంతమంది వచ్చి కూర్చున్నారంటే అది నా మాటల మీద మక్కువతో కాదని నాకు తెలుసు. మీ లాన్లను ఎవరో రాత్రికి రాత్రి తవ్విపోస్తున్నారు. ఆ కోపమే మిమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చింది. కొందరు ఇప్పటికే దుకాణానికి వెళ్లి మందు పొట్లం తెచ్చుకుని ఉంటారు కూడా. దాన్ని ఇంకో రెండు రోజులు పిల్లలకు అందని చోట అలాగే ఉంచండి.

తోటల గురించి నన్ను అడిగేవాళ్లు పంపే ఫొటోలన్నీ ఒకేలా ఉంటాయి. పచ్చటి గడ్డి మధ్యలో మట్టి కుప్ప, పక్కన కొలత కోసం పెట్టిన చెప్పు. కింద ఒకటే ప్రశ్న: ‘ఏ మందు వేయాలి?’ తవ్వింది ఎవరో తేలకుండా మందు పేరు చెప్పడమంటే రోగిని చూడకుండా చీటీ రాసివ్వడమే. మన తోటల్లో మట్టిని కెలికే ప్రాణులు చాలా ఉన్నాయి. మందు దాకా వెళ్లాల్సినవి వాటిలో ఒకటో రెండో.

ముందు నిర్దోషులను విడిచిపెడదాం. వానాకాలం ఉదయాల్లో గడ్డి మీద చిన్న చిన్న మట్టి ఉండలు పోగుపడి ఉంటే, వేలితో నలిపితే మెత్తగా పొడి అయితే, అవి వానపాములు వదిలినవి. చీపురుతో లాన్ మీదే చల్లేయండి, అంతకన్నా మంచి ఎరువు డబ్బు పెట్టినా దొరకదు. సూది మొన పట్టేంత రంధ్రం చుట్టూ సన్నటి మట్టి రేణువులు ఉంటే చీమలు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో కాలువ పక్కన ఇళ్లున్నవారికి ఇంకో అతిథి తగులుతుంది. రంధ్రం గుండ్రంగా, లోపల తడిగా, అంచు చుట్టూ బురద ముద్దలు పేర్చినట్టు ఉంటే అది పీత. రంధ్రమే లేకుండా, గడ్డి కింద వేలెడు వెడల్పున మట్టి వంకరటింకరగా పైకి లేచి ఉంటే, నేలలో సొరంగాలు తవ్వే ఒక రకం కీచురాయి పని. అనుమానం ఉన్నచోట గిన్నెలు కడిగే సబ్బును బిందెడు నీళ్లలో కొద్దిగా కలిపి పోయండి. ఉంటే కాసేపట్లో అదే పైకి వస్తుంది.

వేరుపురుగు సంగతి కొంచెం వేరు. లాన్‌లో అక్కడక్కడ గడ్డి పసుపు రంగుకు తిరిగి, చేత్తో లాగితే వేళ్లు లేకుండా ఊడి వస్తుంది. కింద తెల్లగా, వంకర తిరిగిన పురుగులు కనిపిస్తాయి. వాటి కోసం కాకులు, గోరింకలు పగలు గడ్డిని పెళ్లగిస్తాయి, ఊరి చివర ఇళ్లయితే రాత్రి పందులు వచ్చి దున్నేస్తాయి. పెళ్లగించిన వాటి మీద కోపం తెచ్చుకుని లాభం లేదు, సమస్య నేల కింద ఉంది.

మరో మాట. ఇంటర్నెట్‌లో వెతికితే ‘మోల్’, ‘గోఫర్’ అనే జంతువుల మీద సలహాలు కుప్పలుగా వస్తాయి. ఆ రెండూ మన తెలుగు నేలలో లేవు. అమెరికాలో ఉన్న మీ పిల్లలకు మాత్రం అవి నిజంగానే తలనొప్పి. న్యూజెర్సీలో అబ్బాయి ఇంటి ముందు గడ్డి కింద ఉబ్బెత్తు గీతలు కనిపిస్తే మోల్ అనుకోవచ్చు. అది వానపాములను, పురుగులను తినే జంతువు, మొక్కల వేళ్ల జోలికి రాదు. టెక్సాస్‌లో అమ్మాయి ఇంట్లో విసనకర్ర ఆకారంలో మట్టి కుప్ప పడి, ఒక పక్కన మట్టితో మూసిన రంధ్రం ఉంటే గోఫర్. అది వేళ్లు, దుంపలు తింటుంది. అక్కడివారి ఆముదం వైద్యాలు, ప్రత్యేకమైన బోన్లు వాటి కోసం. ఆ వీడియోలు చూసి మన లాన్‌లో ఆముదం పోస్తే ఖర్చు తప్ప ఫలితం లేదు.

ఇప్పుడు అసలు ముద్దాయి దగ్గరికి వద్దాం. మన కాలనీ లాన్లలో కనిపించే పెద్ద కన్నాల్లో ఎక్కువ భాగం పందికొక్కువే. ఇందులో రెండు రకాలున్నాయి. చిన్న పందికొక్కు పావు కిలో అటూఇటూ బరువుంటుంది. మూతి పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. తోక శరీరం కన్నా పొట్టి. పొలాల్లో వరి దుబ్బులు కొరికేదీ, ఊళ్లో గోదాముల్లో తిరిగేదీ ఇదే. పెద్ద పందికొక్కు దీనికి రెండు మూడు రెట్లు ఉంటుంది, కిలో దాకా తూగుతుంది. ఎదురుపడితే వీపు మీద పొడవాటి నల్ల వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది. పిల్లి కూడా ఆలోచించి వెనక్కి తగ్గుతుంది.

దాని తవ్వకాన్ని ఒక్కసారి వంగి దగ్గరగా చూస్తే మళ్లీ మరిచిపోరు. కన్నం పిడికిలి దూరేంత ఉంటుంది. నోటి ముందు ఒకే వైపు మట్టి కుప్ప పోసి ఉంటుంది, అది రాత్రి తోసినదైతే ఇంకా చెమ్మగా ఉంటుంది. చాలాసార్లు కన్నం కనిపించదు, కుప్ప మాత్రమే కనిపిస్తుంది. చిన్న పందికొక్కు లోపలి నుంచి వదులు మట్టితో ద్వారం మూసుకోవడం దీనికి కారణం. వేలితో ఆ మట్టిని తప్పిస్తే లోపల నున్నటి సొరంగం బయటపడుతుంది. వేలితో అంటే మట్టిని తప్పించడం వరకే, చెయ్యి లోపలికి పెట్టవద్దు. ఎందుకో తర్వాత చెబుతాను.

సొరంగం మొత్తం తవ్వి చూస్తే కింద కాపురమంతా కనిపిస్తుంది. దారులు చాలావరకు రెండడుగుల లోతు లోపలే కొమ్మలుగా చీలుతూ మీటర్ల కొద్దీ పోతాయి. ఒక గదిలో ఎండుగడ్డి పరిచిన పడక, మరో గదిలో దాచిన తిండి ఉంటాయి. పొలాల్లో అయితే ఆ గదుల నిండా వరి కంకులే. ఎక్కడో ఒక మూల, పైన పలచటి మట్టి పొర మాత్రమే మిగిల్చిన తప్పించుకునే దారి ఉంటుంది. మీరు ముందు ద్వారంలో నీళ్లు పోస్తుంటే అది ఆ పొరను తలతో పొడుచుకుని పది అడుగుల అవతల బయటపడి పక్కింటి గోడ దూకుతుంది. సాధారణంగా ఒక కలుగులో ఎదిగిన పందికొక్కు ఒకటే ఉంటుంది, లేదా తల్లీ పిల్లలు. కన్నాలు ఎనిమిది కనిపించాయని ఎనిమిది జంతువులు ఉన్నాయనుకోకండి.

ఇసుక, ఎర్ర నేలల్లో మట్టి కుప్ప లేకుండా శుభ్రమైన కన్నాలు కనిపిస్తే, తోక చివర వెంట్రుకల కుచ్చు ఉన్న గెంతే ఎలుక అయి ఉండవచ్చు. బొటనవేలు పట్టేంత కన్నాలు చిట్టెలుకవి. ఇక కిచకిచలాడుతూ గోడ వారన పరుగెత్తే, దుర్వాసన వేసే చుంచును చూసి కర్ర తీస్తారు చాలామంది. అది తినేది ప్రధానంగా పురుగులను, బొద్దింకలను. దాన్ని వదిలేయండి. ముంగిస, ఉడుము కూడా గడ్డిని గీరుతాయి, రెండింటికీ వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. పైగా అవి వస్తున్నది మీ పందికొక్కు పిల్లల కోసమే కావచ్చు.

పాముల గురించి అడగబోతున్నారని తెలుసు. మన చుట్టూ తిరిగే నాగుపాము, జెర్రిపోతు, కట్లపాము లాన్‌లో కన్నం తవ్వలేవు. ఎలుక తవ్విన దాంట్లో దూరతాయి. చెయ్యి పెట్టవద్దన్నది అందుకే. కన్నంలో నీళ్లు పోసేటప్పుడు, గునపంతో తవ్వేటప్పుడు ఒంటరిగా ఉండకండి, బూట్లు వేసుకోండి. పాము బయటికి వస్తే దూరం జరిగి పట్టేవాళ్లను పిలవండి.

కన్నం పాతదా, ఇప్పుడు వాడుతున్నదా అనేది ఎలా తెలుస్తుంది? వ్యవసాయ శాఖ పొలాల్లో చేయించే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. సాయంత్రం కనిపించిన ప్రతి కన్నాన్నీ తడిమట్టితో మూసేయండి. మర్నాడు ఉదయం చూడండి. తెరిచి ఉన్నవే బతికున్న కలుగులు. మిగతావాటి మీద ఒక్క పైసా ఖర్చు పెట్టనక్కర్లేదు. ఇంకా పట్టుదల ఉంటే ద్వారం ముందు ముగ్గుపిండి పలచగా చల్లండి. తెల్లారేసరికి కాలిగుర్తులు, మధ్యలో తోక ఈడ్చిన గీత స్పష్టంగా పడతాయి. పిల్లలకు ఈ పని అప్పగిస్తే సంతోషంగా చేస్తారు, కలుగు జోలికి పోవద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

ఇంతకీ అది మీ లాన్‌కే ఎందుకు వచ్చింది? గడ్డి తినడానికి కాదు. ఎండాకాలంలో ఊరంతా నేల గట్టిపడి ఉంటే, రోజూ నీళ్లు పెట్టే మీ లాన్ ఒక్కటే మెత్తగా ఉంటుంది. అందులో పురుగులు, నత్తలు దొరుకుతాయి. పక్కనే మెట్టతామర, లిల్లీ దుంపలు. గోడ వారన కుక్కకు పెట్టి వదిలేసిన పెరుగన్నం, పావురాలకు చల్లిన జొన్నలు, మూత సరిగా పడని చెత్త డబ్బా. తల దాచుకోవడానికి మూలన పేర్చిన పాత టైల్స్, ఇటుకలు. హైదరాబాద్ శివార్లలో, గుంటూరు, విజయవాడ చుట్టూ నిన్నటిదాకా పొలాలుగా ఉన్న చోట్ల లేచిన కాలనీల్లో ఇంకో కారణం కూడా ఉంది. పక్క పొలం కోతలయ్యాక, లేదా భారీ వానకు గట్లు మునిగాక, అక్కడి జనాభా ఎత్తైన పొడి చోటు వెతుక్కుంటూ మీ ప్రహరీ కిందికి చేరుతుంది.

తిండి ఆపకుండా మందు పెట్టేవారికి నేను సూటిగానే చెబుతాను: డబ్బు పారబోసుకుంటున్నారు. చిన్న పందికొక్కు చూలు కట్టిన మూడు, మూడున్నర వారాలకే ఈనుతుంది, ఈతకు ఆరేడు పిల్లలు మామూలు. తిండి ఉన్నంతకాలం ఖాళీ అయిన కలుగులోకి కొత్తది వచ్చి చేరుతుంది.

కన్నంలో సిమెంటు పోయడం, కలరా ఉండలు వేయడం, శబ్దం చేసే యంత్రాలు పెట్టడం వంటి వాటి మీద నాకు నమ్మకం లేదు. సిమెంటు పోస్తే జానెడు పక్కన కొత్త ద్వారం వస్తుంది. బోను మంచిదే. వెడల్పాటి ఇనుప బోను తీసుకోండి, ఎలుక బోను చాలదు. ఎండుచేప ముక్కో, కాల్చిన కొబ్బరి ముక్కో, పకోడీయో పెట్టండి. మొదటి రెండు మూడు రాత్రులు తలుపు పడకుండా కట్టేసి ఎర మాత్రమే పెట్టండి. కొత్త వస్తువంటే దానికి అనుమానం, అది తీరాక తలుపు వదలండి. పడినదాన్ని ఉత్త చేతులతో తాకవద్దు, ఎలుక జాతి మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. చేతితొడుగులు తప్పనిసరి.

నెల్లూరు వైపు యానాదులు కలుగు ద్వారంలో కుండతో పొగ ఊది, తప్పించుకునే దారి దగ్గర కాచుకుని ఎలుకలను పట్టేవారు. మందు లేదు, మట్టికి హాని లేదు. ఆ పనితనం తెలిసిన మనిషి మీకు దొరికితే బేరం ఆడకుండా కూలి ఇవ్వండి.

బోనుకు లొంగకపోతేనే మందు. తోటలో వాడదగినది బ్రోమాడయోలోన్. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు 0.25 శాతం మందు కలిపితే 0.005 శాతం ఎర తయారవుతుంది. 15 గ్రాముల చొప్పున కాగితం పొట్లాలు కట్టి, బతికున్న కలుగులోకి కర్రతో లోతుగా తోసి, ద్వారాన్ని మట్టితో కప్పాలి. గడ్డి మీద చల్లకూడదు, కుక్కలు, పిట్టలు తింటాయి. ఇది రక్తం గడ్డకట్టకుండా చేసే మందు, కాబట్టి ఫలితం కొన్ని రోజులు ఆగి కనిపిస్తుంది. ఆ ఆలస్యమే దాని బలం, తిన్న తిండికీ చావుకీ సంబంధం మిగతా ఎలుకలకు తెలియదు. చచ్చినవాటిని వెతికి లోతుగా పూడ్చండి. వాటిని తిన్న గుడ్లగూబకూ ఆ విషం అంటుతుంది, రాత్రికి రెండు మూడు ఎలుకలను ఉచితంగా పట్టే పిట్టను మనమే చంపుకున్నట్టవుతుంది.

జింక్ ఫాస్ఫైడ్ ఇంటి తోటకు వద్దు. దానికి విరుగుడు లేదు. బ్రోమాడయోలోన్‌కు విటమిన్ కె1 ఉంది. కుక్క ఎర తిన్నట్టు అనుమానం వస్తే లక్షణాల కోసం ఆగకుండా, డబ్బా మీది చీటీతో సహా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మనుషుల విషయంలో అయితే 108కి ఫోన్ చేసి, అదే చీటీని ఆసుపత్రిలో చూపించాలి.

అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల గురించి వేరే చెప్పాలి. చెమ్మ తగలగానే అవి ఫాస్ఫీన్ విషవాయువు వదులుతాయి. శిక్షణ పొందినవారు తప్ప ఎవరూ వాడకూడదని నిబంధన ఉంది, అయినా ఎవరో ఒకరు తెచ్చిస్తూనే ఉంటారు. కలుగు మీ పునాది కిందికి, డ్రైనేజీ పైపు పక్కకు పోయి ఉంటుంది. వాయువు అదే దారిలో పడకగదిలోకి వస్తుంది. మన దేశంలో ఇలా కుటుంబాలు ప్రాణాలు పోగొట్టుకున్నాయి. లాన్ పోయినా ఫరవాలేదు, ఆ బిళ్ల మాత్రం వద్దు.

కొత్తగా లాన్ వేయించేవారు అదృష్టవంతులు. గడ్డి పరిచే ముందే ప్రహరీ వెంట రెండడుగుల లోతున అరంగుళం కళ్ల ఇనుప జాలీ దింపి, అడుగున అడుగు మేర బయటికి వంచండి. తవ్వుతూ వచ్చినది ఆ వంపు దగ్గర ఆగిపోతుంది.

పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన స్థానంలో ఎలుకల మీద ఏళ్ల తరబడి పని జరుగుతోంది. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ శిక్షణ కూడా ఇస్తుంది. పొలాల్లో ఊరంతా ఒకే రోజు ఎర పెట్టే సామూహిక పద్ధతిని వ్యవసాయ శాఖ ప్రోత్సహిస్తుంది. ఒక్క రైతు ఎర పెడితే పక్క చేలోంచి వారంలో ఎలుకలు వచ్చి చేరడమే దీనికి కారణం. మన కాలనీకీ అదే వర్తిస్తుంది. కాబట్టి వచ్చే శనివారం సాయంత్రం అందరూ తమ తమ కన్నాలు మట్టితో మూయండి. ఖాళీ ప్లాట్ల వైపు, పార్కు వైపు వాచ్‌మన్ మూస్తాడు. ఆదివారం ఉదయం తెరుచుకున్నవాటికి కర్ర గుచ్చి, ఇంటి నంబరుతో సహా నిర్వాహకులకు చెప్పండి. ఎక్కడ బోను చాలు, ఎక్కడ మందు కావాలో ఆ వివరాలతో గీసిన పటం చూశాకే చెబుతాను. ఈలోగా చెత్త డబ్బాలకు మూతలు తెప్పించండి. ఇక మీ ప్రశ్నలు అడగండి. ముందు వరుసలో అమ్మగారు ఇందాకటి నుంచి ఫోనులో ఫొటో చూపించాలని చూస్తున్నారు, అక్కడి నుంచి మొదలుపెడదాం.