గాల్లో దుమ్మూ పొగా ఏ ఎత్తులో ఎంత? ఈ గ్రాఫ్ ఇలా చదవండి

హాయ్ అండీ. స్క్రీన్ మీద గ్రాఫ్ చూడండి. నిలువుగా ఎత్తు, కిలోమీటర్లలో. అడ్డంగా, గాల్లో తేలే కణాలు ఎంత దట్టంగా ఉన్నాయో. దీన్ని కింద నుంచి పైకి చదవాలి.

నేల దగ్గర గీత బాగా కుడివైపు ఉంది కదా, ఒకటి రెండు కిలోమీటర్లు దాటగానే గబుక్కున ఎడమకి వచ్చేసింది. ఈ కింది భాగమే బౌండరీ లేయర్. పగలు ఎండకి నేల వేడెక్కి గాలి కిందామీదా అవుతుంది కాబట్టి పొగా దుమ్మూ ఆ పొర అంతా పరుచుకుంటాయి, రాత్రి నేల చల్లబడ్డాక అదే పొర కొన్ని వందల మీటర్లకి, ఒక్కోసారి ఇంకా కిందికి కుదించుకుపోతుంది. చలికాలం తెల్లవారుజామున పీఎం 2.5, అంటే గాల్లోని అతి సన్నని కణాల రీడింగ్ పెరిగిపోవడానికి ఇదో పెద్ద కారణం. పొగ పెరగక్కర్లేదు, అది పట్టే చోటు తగ్గితే చాలు.

పైకి పోయేకొద్దీ గాలే పలచబడుతుంది, కణాలూ అంతేగా అనిపిస్తుంది. కాదు. గాలి పీడనం సుమారు మూడో వంతుకి తగ్గాలంటే దాదాపు 8 కిలోమీటర్లు ఎక్కాలి, కణాలకి చాలాచోట్ల ఒకటి రెండు కిలోమీటర్లే చాలు. బరువుకి కిందపడతాయని కాదు, ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) సైజు కణం రోజంతా పడినా దిగేది కొన్ని మీటర్లే! ఎక్కువభాగం పుట్టేది నేల దగ్గర, పైకి చేరేలోపు వాన కడిగేస్తుంది. సగటున వారం లోపే వాటి ఆయుష్షు.

ఇప్పుడు అసలు మజా. గీత మధ్యలో ఇలా ఉబ్బితే, ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన పొర అన్నమాట. సహారా దుమ్ము అట్లాంటిక్ మీదుగా 5 కిలోమీటర్ల ఎత్తు వరకూ పొరగా ప్రయాణిస్తుంది. ఇంకా పైన, 20 కిలోమీటర్ల దగ్గర, ఓ చిన్న ఉబ్బు ఉంది చూశారా, అది సల్ఫేట్ పొర, అంటే గంధకం నుంచి పుట్టిన కణాల పొర, 1961లో క్రిస్టియన్ యుంగె అనే జర్మన్ శాస్త్రవేత్త బయటపెట్టాడు. అక్కడ వాన ఉండదు కదా, అందుకే 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం పేలి అక్కడికి చేరిన గంధకం రెండేళ్లకు పైగా ఉండిపోయి, భూమి సగటు ఉష్ణోగ్రతని అర డిగ్రీ దాకా తగ్గించింది.

కొలిచేది లైడార్‌తో. లేజర్ వెలుగు పైకి వదిలి, కణాలకి తగిలి వెనక్కి ఎంతసేపట్లో వచ్చిందో చూస్తారు, ఒక మైక్రోసెకనుకి వస్తే 150 మీటర్ల దూరం. 2006లో పంపిన కాలిప్సో ఉపగ్రహం ఇదే పని పైనుంచి కిందికి చేసింది.

చివరిగా ఒక్కటి. మామూలు ఉపగ్రహ మ్యాపుల్లో కనిపించే ఏరోసాల్ ఆప్టికల్ డెప్త్ అనేది ఈ తేలే కణాలు వెలుగుని ఎంత అడ్డుకుంటున్నాయో నేల నుంచి పైదాకా మొత్తం కలిపిన లెక్క. అక్కడ ఎర్రగా ఉందని వెంటనే టెన్షన్ పడకండి, ఆ దుమ్ము 4 కిలోమీటర్ల పైన పోతూ ఉండొచ్చు. మీరు పీల్చే గాలి సంగతి కావాలంటే నేలమీద పెట్టిన మానిటర్ రీడింగే చూడండి.