సముద్రంలోంచి తీసిన బాంబర్‌ని నిమ్మ ఉప్పుతో ఎందుకు కడిగారు?

[తెర మీద: క్రేన్ తాళ్లకు వేలాడుతూ నీళ్లలోంచి పైకొస్తున్న విమానం. ఒంటినిండా గుల్లలు.]

2013 జూన్ 10. ఇంగ్లండ్‌లోని కెంట్ తీరం. ఇది డార్నియర్ 17 రకం జర్మన్ బాంబర్. ఈ రకానివి రెండు వేలకు పైగా తయారైతే, దాదాపు పూర్తి రూపంతో మిగిలింది ఇదొక్కటే. 1940 ఆగస్టు 26న బ్రిటిష్ ఫైటర్ల దెబ్బతిని గుడ్విన్ శాండ్స్ అనే ఇసుక మేటల మీద దిగి మునిగిపోయింది. విమానంలోని నలుగురిలో ఇద్దరే బతికారు.

అక్కడ కూలిన సైనిక విమానాన్ని ఎవరు పడితే వాళ్లు తియ్యకూడదు. 1986 నాటి చట్టం ప్రకారం రక్షణ శాఖ లైసెన్సు ఉండాలి. ఆ తర్వాతే పడవలు, డైవర్లు.

విమానం తలకిందులుగా పడి ఉంది. చుట్టూ ఫ్రేమ్ బిగించి లేపాలన్నది మొదటి పథకం. వాతావరణం రోజులన్నీ మింగేసింది. చివరికి విమానంలో బాగా గట్టిగా ఉన్న చోట్లకే తాళ్లు కట్టి లేపారు. ఇలాంటి పనిలో గండం అడుగున కాదు, నీటి మట్టం దగ్గర. నీళ్లలో ఉన్నంతసేపు నీరే కొంత బరువు మోస్తుంది. బయటికి రాగానే ఆ ఆసరా పోతుంది, లోపల నిండిన నీళ్ల బరువు తోడవుతుంది. అందుకే నీళ్లు కారిపోయేదాకా ఆగి ఆగి లాగాలి.

[తెర మీద: తెల్లటి పొడి రాలుతున్న అల్యూమినియం రేకు, దగ్గరగా.]

బయటికొచ్చింది కదా, కడిగి ఆరబెడితే పోలా? అలా చేస్తే విమానం దక్కదు.

ఒంటి రేకు డ్యూరాల్యుమిన్, అంటే సుమారు 4 శాతం రాగి కలిసిన అల్యూమినియం. ఉప్పులోని క్లోరైడ్, రేకును కాపాడే సన్నటి ఆక్సైడ్ పైపొరకు చిల్లులు పొడుస్తుంది. ఆ గుంటలో పుట్టే అల్యూమినియం క్లోరైడ్ నీటితో కలిసి ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం గుంటను ఇంకా లోతు చేస్తుంది. ఇసుక కింద ఆక్సిజన్ తక్కువ కాబట్టి ఇదంతా నెమ్మదిగా సాగింది. గాలి తగిలితే ఊపందుకుంటుంది. రేకు తడిసిన పుస్తకం పేజీల్లా ఉబ్బి పొరలు పొరలుగా ఊడొస్తుంది.

అసలు చిక్కు ఇంకోటుంది. విమానమంటే ఒక్క లోహం కాదు. సముద్రంలోంచి తీసిన ఇనుముకు మామూలుగా కాస్టిక్ సోడా లాంటి క్షార ద్రావణం వాడతారు. అదే ద్రావణంలో అల్యూమినియం కరిగిపోతుంది. ఒకదానికి మందు, పక్కదానికి విషం. ఉక్కు బోల్టు అల్యూమినియం రేకులోనే బిగించి ఉంటుంది మరి!

[తెర మీద: పాలిటన్నెల్ (ప్లాస్టిక్ టన్నెల్) లోపల సన్నటి జల్లు.]

ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలత పీహెచ్; 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. అల్యూమినియం పైపొర సుమారు పీహెచ్ 4 నుంచి 8.5 మధ్య నిలుస్తుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు ఆ హద్దులోనే దారి వెతికారు. పలచటి సిట్రిక్ ఆమ్లం, మన వంటింటి నిమ్మ ఉప్పే. దానికి కొద్దిగా సోడియం హైడ్రాక్సైడ్ కలిపి పీహెచ్‌ను 5.5 దగ్గర నిలిపారు. అది సున్నపు గుల్లల పట్టు సడలిస్తుంది, క్లోరైడ్‌ను కడిగేస్తుంది, రేకును మాత్రం తినదు.

ఇంగ్లండ్‌లోని కాస్‌ఫర్డ్‌లో ఉన్న ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) మ్యూజియంలో, మన దగ్గర కూరగాయల సాగుకు వేసే ప్లాస్టిక్ టన్నెళ్ల లాంటివి రెండు వేసి, లోపల ముక్కల మీద ఈ ద్రావణం జల్లుగా కొట్టించారు. మెత్తబడ్డ గుల్లలను ప్లాస్టిక్ గీకుడు పలకలతో చేత్తో గీకారు. లోహపు పనిముట్టు అయితే మిగిలిన పాత రంగు కూడా లేచిపోతుంది.

ఎప్పుడు ఆపాలి? కారిన నీళ్లలో క్లోరైడ్ కొలుస్తూ పోవాలి. కొత్త ద్రావణం పోసినా ఆ అంకె ఇక పెరగకపోతే, అప్పుడు ఆరబెట్టడం. వారాల్లో తేలే పని కాదిది, ఏళ్లు పడుతుంది.

దీన్ని కొత్తదానిలా తయారుచెయ్యాలని మ్యూజియం అనుకోలేదు. అది సరైన నిర్ణయమే. పోయిన రేకులన్నీ కొత్తవి వేస్తే చివరికి మిగిలేది నమూనా. గుల్లల కింద బయటపడిన దెబ్బలు, వంగిన ప్రొపెల్లర్ రెక్కలు 1940 నాటి ఆ రోజువి. వాటిని సరిచేస్తే ఆ రోజు సాక్ష్యం పోతుంది.