చల్లలోని చ, చేపలోని చ

సభాధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

తెలుగును రాసినట్టే పలుకుతామని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఇంగ్లీషుతో పోల్చి చూస్తే ఆ గర్వంలో న్యాయం లేకపోలేదు. అయినా వంటింటి మాటలను కాస్త చెవిపెట్టి వింటే, లిపి తాను చెప్పకుండా నోటికే వదిలేసిన సంగతులు చాలానే బయటపడతాయి.

చింతపండు, చేప అన్నప్పుడు నాలుక అంగిలిని తాకుతుంది. చల్ల, చద్ది, చారు అన్నప్పుడు అదే అక్షరానికి నాలుక కొస పళ్ల వెనక్కి వస్తుంది. జీలకర్రకూ జొన్నకూ మధ్య ఉన్న తేడా కూడా ఇదే. అచ్చతెలుగు మాటల్లో ఇ, ఈ, ఎ, ఏలతో కూడిన చ, జలు తాలవ్యాలనీ, మిగిలిన అచ్చులతో కూడినవి దంత్యాలనీ వ్యాకరణాలు చెబుతాయి. ఈ సూత్రం అరువు తెచ్చుకున్న మాటలకు వర్తించదు కాబట్టి జామపండులోని ‘జా’ ఒక రకం, గులాబ్ జామూన్‌లోని ‘జా’ మరొక రకం. అన్నంలో కలుపుకునే చారు దంత్యం, అందమైనదనే అర్థంలో సంస్కృతం నుంచి వచ్చిన చారు తాలవ్యం. కాగితం మీద మాత్రం రెండూ ఒకటే. తెలంగాణలో చద్ది సద్ది అయింది, అక్కడ పలుకుబడే రాతను తనవైపు తిప్పుకుంది. సద్దుల బతుకమ్మను చద్దుల బతుకమ్మ అని సాధారణంగా రాయరు కదా!

సున్న సంగతి ఇంత చిక్కు కాదు. వంకాయ, మంచినీళ్లు, బెండకాయ, సాంబారు అన్న నాలుగు మాటల్లో అది నాలుగు రకాలుగా పలుకుతుంది. చింతపండు అనే ఒక్క మాటలోనే మొదటి సున్న నకారం, రెండోది ణకారం. పక్కనున్న హల్లే దారి చూపుతుంది గనుక ఎవరూ తడబడరు. మాంసంలో మాత్రం అది ముక్కుతో పలికే వకారంలా వినిపిస్తుంది.

ఇక చేప, మేక అనేటప్పుడు చాలామంది నోట వచ్చే అచ్చు నిజానికి ఏకారం కాదు, ఏకారానికీ ఆకారానికీ నడుమ ఉన్న ధ్వని. ఇంచుమించు ఆ ధ్వనినే క్యారెట్, క్యాబేజీ అని రాసేటప్పుడు యకారం తగిలించి చూపిస్తున్నాం. పరాయి కూరగాయకు చేసిన ఈ మర్యాద మన చేపకు చేయలేదు!

అమెరికాలో పుస్తకం చూసి తెలుగు నేర్చుకునే పిల్లలు చల్లను చపాతీలోని చకారంతో పలికితే తప్పు వారిది కాదు, రాతలో ఆ సమాచారమే లేదు. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు ఈ రెండు ఉచ్చారణలనూ వేరుగా చూపింది. నెత్తిన చిన్న రెండంకె ఉన్న ౘ, ౙలు 2008 నుంచి యూనికోడ్‌లోనూ ఉన్నాయి. పత్రికలకు అవి అక్కరలేదు. తెలుగు వినబడని చోట పెరిగే పిల్లల తొలి వాచకాల్లో మాత్రం వాటిని ముద్రించాలని నా అభిప్రాయం.