మందు బయటే ఆగిపోతే

శ్రోతలకు నమస్కారం. క్యాన్సర్ మందు మొదలుపెట్టాక కణితి బాగా తగ్గింది, రిపోర్టు చూసి అందరూ అమ్మయ్య అనుకున్నారు, కొన్ని నెలలు తిరక్కుండానే అది మళ్ళీ పెరిగింది, అదే మందు ఈసారి పనిచేయలేదు. దీన్నే డాక్టర్లు డ్రగ్ రెసిస్టెన్స్ అంటారు, అంటే మందుకు లొంగకపోవడం. తప్పంతా కణంలోనే ఉందనుకుంటాం గానీ, ఆ కణం ఎక్కడ కూర్చుందన్నది కూడా ముఖ్యమే.

ప్రయోగశాలల్లో చాలాకాలం క్యాన్సర్ కణాల్ని ప్లాస్టిక్ పళ్ళెం అడుగున చాప పరిచినట్టు ఒకే పొరగా పెంచి, పైన మందు పోసి చూసేవారు. ఇప్పటికీ చూస్తున్నారు, చవక కదా! అక్కడ ప్రతి కణానికీ ఆక్సిజన్ సమానమే, మందూ సమానమే. ఒంట్లో కణితి అలా ఎక్కడుంటుంది, ముద్దలా ఉంటుంది. 1970ల మొదట్లో కెనడాలో రాబర్ట్ సదర్లాండ్, ఆయన సహచరులు కణాల్ని గుండ్రటి ఉండలుగా పెంచి ఈ తేడా చూపించారు. వాటి పేరు స్ఫెరాయిడ్‌లు. కణాలు అడుగున అతుక్కోవడానికి వీల్లేని గిన్నెలో వేస్తే, పట్టుకోవడానికి ఇంకేమీ దొరక్క ఒకదాన్నొకటి పట్టుకుని ఉండ కట్టేస్తాయి, అంతే.

ఆ ఉండ అర మిల్లీమీటరుకు పెరిగిందంటే లోపల మూడు రకాల బతుకులు. బయటి కణాలు చకచకా విభజన చెందుతుంటాయి, వాటి కింద ఉన్నవి నిద్రపోతున్నట్టు ఉంటాయి, నట్టనడుమ ఉన్నవి ఆక్సిజన్ అందక చచ్చిపోతాయి. ఆక్సిజన్ కణాల మధ్యనుంచి మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే ఐదో వంతు మాత్రమే వెళ్ళగలదు.

ఇప్పుడు డాక్సోరుబిసిన్ అనే మందు వేద్దాం. తగిన కాంతి పడితే అది తనంతట తానే ఎర్రగా వెలుగుతుంది. కాసేపయ్యాక ఉండని పల్చగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే అంచు చుట్టూ ఎర్రటి రింగు, మధ్యంతా చీకటి! ఎదురైన మొదటి కణాల డీఎన్ఏకే అతుక్కుపోయి మందు అక్కడే ఆగిపోయింది. కొన్ని కణాలైతే లోపలికొచ్చిన మందుని పంపు పెట్టి తోడినట్టు బయటికి నెట్టేస్తాయి, అది వేరే గొడవ. పైగా ఈ రకం మందుల్లో చాలావాటి దెబ్బ విభజన చెందే కణాల మీదే ఎక్కువ, నిద్రపోయేవాటికి అంతగా తగలదు. బయటివి చచ్చి దారి తెరుచుకోగానే ఆ నిద్రపోయేవాటికి ఆక్సిజన్ అంది లేచి కూర్చుంటాయి, కణితి మళ్ళీ పెరుగుతుంది.

ఇంకో మెట్టు పైన ఉన్నవి ఆర్గనాయిడ్‌లు, అంటే ప్రయోగశాలలో అవయవాన్ని పోలినట్టు పెంచే బుల్లి కణాల ముద్దలు. 2009లో నెదర్లాండ్స్‌లో తోషిరో సాటో, హాన్స్ క్లేవర్స్ బృందం ఎలుక పేగులోని ఒక్క మూలకణం నుంచి బుల్లి పేగులాంటి నిర్మాణాన్ని పెంచింది. తర్వాత రోగి కణితి ముక్కనుంచే పెంచడం మొదలైంది. 2018లో వచ్చిన ఒక బ్రిటన్ అధ్యయనంలో, ఆర్గనాయిడ్ మీద పనిచేయని మందు రోగి మీదా పనిచేయలేదు, ఇది నూటికి నూరుపాళ్ళు నిజమైంది. పనిచేస్తుందన్న అంచనా 88 శాతం సరిపోయింది. పోల్చి చూసిన రోగులు కొద్దిమందే లెండి, నాకైతే మొదటి అంకె ముఖ్యం, ఎందుకంటే పనిచేయని మందు దుష్ప్రభావాలు మాత్రం పూర్తిగా ఇచ్చి పోతుంది.

లోటుపాట్లు లేకపోలేదు. మామూలుగా వీటిలో రక్తనాళాలు ఉండవు, రోగనిరోధక కణాలు ఉండవు, పెరగడానికి వారాలు పడుతుంది. ఇంకో తమాషా, ఆర్గనాయిడ్‌లు పెంచడానికి ఎక్కువగా వాడే మాట్రిజెల్ అనే జెల్లు తయారయ్యేదే ఎలుక కణితి నుంచి! ఒక్కో బ్యాచ్ ఒక్కోలా ఉండి ఫలితాలు అటూఇటూ అవుతుంటే విసిగిపోయి, పరిశోధకులు ఇప్పుడు కృత్రిమ జెల్లుల మీద పడ్డారు.